అడవి పిట్ట ఫొటోకెక్కిన కథ

తమ్మిలేరు ఖమ్మం వైపు నుంచి దిగి, చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు నింపి, ఏలూరు మీదుగా పోయి కొల్లేట్లో కలుస్తుంది. ఏరు ఒకటే. ఎగువన అడవి పిట్టలు, దిగువన నీటి పిట్టలు. కెమెరా మాత్రం ఈ ఏటి వెంట దిగువ నుంచి ఎగువకు వచ్చింది. నేను పని నేర్చుకున్న స్టూడియోలో ఫిల్ము రోజుల్లోనే కొల్లేటి కొంగల ఫొటోలు ఫ్రేము కట్టి గోడకు వేలాడేవి. చింతలపూడి అడవిలో తిరిగే తోకపిగిలి పిట్ట ఫొటో ఒక్కటీ ఉండేది కాదు. అది మా కళ్లకు కనపడక కాదు. దాన్ని ఫిల్ము మీదికి ఎక్కించే దారి లేక.

పెద్ద లెన్సు లేకే అలా జరిగిందని ఇప్పటి కుర్రాళ్లు అనుకుంటారు. లెన్సు కొరత ఉన్నమాట నిజమే. కానీ అసలు అడ్డం వెలుతురు. ఆ రోజుల్లో మాకు దొరికేది ఊటీలో తయారయ్యే ఇందు రీలు, తూర్పు జర్మనీ ఓర్వో రీలు. కెమెరాలో మామూలుగా ఉండేది 100 ఏఎస్‌ఏ ఫిల్ము. ఎండ పడే కొల్లేటి గట్టు మీద లెన్సును ఎఫ్/5.6 దగ్గర పెడితే షట్టరు సెకనులో 800వ వంతు వేగం అందుకుంటుంది. ఎగిరే కొంగ కూడా నిలబడినట్టు వస్తుంది. అదే కెమెరా, అదే రీలు, అదే ఎండపూట మద్దిచెట్ల కిందికి తెస్తే వెలుతురు ఐదు స్టాపులు, అంటే ఐదుసార్లు సగానికి సగం పడిపోయి, షట్టరు 25వ వంతుకు దిగుతుంది. 400 ఎంఎం లెన్సును చేత్తో పట్టుకుని తీయాలంటే కనీసం 400వ వంతు కావాలి. పదహారు రెట్ల తేడా. స్టాండు మీద పెడితే చెయ్యి వణుకు పోతుంది గాని, క్షణం కుదురుగా ఉండని పిట్ట కదలిక పోదు కదా.

ఈ ఇబ్బంది మాకే వచ్చింది కాదు. ఇంగ్లండులో డాల్‌మేయర్ 1891లోనే టెలిఫొటో లెన్సుకు పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆనాటి గాజు పలకలు వెలుతురును మందకొడిగా పట్టేవి. దూరం నుంచి లాగే లెన్సు చేతికొచ్చినా, చెట్టు మీద గెంతే పిట్టకు అది చాలలేదు. అక్కడే కియర్టన్ అన్నదమ్ములు 1892లో గుడ్లున్న గూటిని ఫొటో తీసి కొత్త దారి పట్టారు. తరవాత బోలు ఎద్దు బొమ్మ చేయించి, అందులో దూరి కూర్చుని తీశారు. మన దేశంలో రైల్వే ఉద్యోగి లోథర్ ఏళ్ల తరబడి గూళ్ల పక్కన డేరా మరుగు కట్టుకుని తీసి, 1949లో ‘ఎ బర్డ్ ఫొటోగ్రాఫర్ ఇన్ ఇండియా’ పుస్తకం తెచ్చాడు. వీళ్లంతా గూటినే పట్టుకోవడానికి కారణం ఒక్కటే. అడవి మొత్తంలో పిట్ట తప్పకుండా తిరిగివచ్చి వాలే చోటు అది. ముందే ఫోకసు చేసి పెట్టుకుని, దగ్గరగా కూర్చుని కాచుకోవచ్చు.

వాళ్ల ఓపికకు నాకు ఎనలేని గౌరవం. అయినా ఆ పద్ధతి పిట్టకు బరువే. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి. ఫొటోకు అడ్డమని కొమ్మ వంచి కడితే గూడు కాకి కంట పడుతుంది.

కొల్లేటి కథ వేరు. 1946లో కేరళ పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఇక్కడి గూడబాతుల స్థావరాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినప్పుడు దాదాపు 3000 పక్షులు గూళ్లు పెట్టి ఉన్నాయి. అంతకు చాలా ముందే మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్, అప్పట్లో కర్నాటిక్ అని పిలిచే ప్రాంతంలో ఊరి నడిమి చెట్ల మీదే గూడబాతులు గూళ్లు కట్టుకుని, మనుషుల రాకపోకల్ని పట్టించుకోకుండా బతకడం చూశాడు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్ల మీద ఆ చెలిమి ఇప్పటికీ చూడొచ్చు. అలాంటి చోట పెద్ద లెన్సుతో పనేముంది? కొల్లేటి స్థావరం మాత్రం 1975 ప్రాంతానికి ఖాళీ అయిపోయింది. 1999లో అభయారణ్యం ప్రకటన, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం ఆ తరవాతి సంగతులు. ఇవాళ కొల్లేటి ఆటపాకలో అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెడుతున్నాయి. పడవలో కూర్చుని చూసేవాళ్లకు అదో పండగ.

ఎగువన మాకు ఫిల్ము రోజుల్లో ఏడాదికి ఒక్క అదను దొరికేది. శివరాత్రి దాటాక ఆకు రాలుతుంది. మోదుగ, బూరుగ చెట్లు ఒక్క ఆకు లేకుండా పూస్తాయి. తేనె కోసం పసులపోలిగాడు, గోరింకలు, రామచిలకలు బోడికొమ్మల మీద బాహాటంగా వాలతాయి. పైనుంచి ఎండ సూటిగా పడుతుంది. అడవిలో ఉండి కూడా కొల్లేటి గట్టంత వెలుతురు. మా వైపు వాళ్లు ఫిల్ము మీద తీసిన అడవి పిట్టల్లో నేను చూసినవి చాలావరకు మోదుగపూల మీదవే. చిగురు వేసిందంటే కెమెరా సంచిలోకి వెళ్లిపోయేది.

డిజిటల్ వచ్చాకే ఆ చిగురు వెనక్కి చూపు వెళ్లింది. ఐఎస్‌ఓ (పాత ఏఎస్‌ఏ) 1600 పెడితే, ఇందాక చెప్పిన 25వ వంతు కాస్తా 400వ వంతు అవుతుంది. తక్కువపడ్డ పదహారు రెట్లూ అక్కడికక్కడ భర్తీ అవుతాయి. 2013 చివర టామ్రాన్ 150-600, 2015లో నికాన్ 200-500 రావడంతో పెళ్లి ఫొటోలు తీసుకునేవాళ్లు కూడా అప్పో సొప్పో చేసి పొడవాటి లెన్సు కొనగలిగారు. 2020 నుంచి పిట్ట కంటిని తానే వెతికి పట్టుకునే కెమెరాలు అందుబాటులోకి వచ్చాయి.

అందుకే ఇప్పుడు గూటి దగ్గరికి పోవలసిన అగత్యం ఎవరికీ లేదని గట్టిగా చెబుతాను. ఫోనులో కూత వినిపించి రప్పించడం కూడా అంతే. ఎవరో తన చోటికి వచ్చారనుకుని పిట్ట పని మానుకుని కొట్లాటకు వస్తుంది. దానికన్నా నీటి మడుగు మేలు. వైశాఖంలో వాగుల్లో అక్కడక్కడా మిగిలిన నీటికి సాయంత్రం తోకపిగిలి పిట్ట స్నానానికి వస్తుంది. మగది తెల్లటి ఒళ్లు, నల్లటి తల, జానెడు పొడవు దాటే తోక రిబ్బన్లు. కొమ్మ మీంచి నీళ్లలోకి ఒక్క మునక వేసి మళ్లీ అదే కొమ్మకు చేరుతుంది. అది ఎక్కే కొమ్మ ఏదో ముందు ఊరికే చూడండి. మొదటి మునకకు కెమెరా ఎత్తొద్దు. మీరు కూర్చునే చోటు వీలైనంత కిందుగా ఉండాలి, కొమ్మ వెనక పొదలు దూరంగా ఉండాలి. అప్పుడు వెనకంతా మెత్తటి పచ్చదనంగా కరుగుతుంది. చుట్టూ చీకటి కాబట్టి కెమెరా మోసపోయి తెల్లటి ఈకల్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాపు తగ్గిస్తే రెక్క మీది ఒక్కో ఈక విడిగా కనిపిస్తుంది.

తీసిన ఫొటోను వాట్సాప్‌లో పెట్టి వదిలేయకండని మా కుర్రాళ్లను బతిమాలుతుంటాను. నీలకంఠన్ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాసిపెట్టబట్టే, కొల్లేటి స్థావరం పోయినప్పుడు ఏం పోయిందో తెలిసింది. చింతలపూడి చుట్టూ పామాయిల్, జీడిమామిడి తోటలు అడవి అంచుదాకా వచ్చేశాయి. మోదుగలు తగ్గుతున్నాయి. ఈబర్డ్ వెబ్‌సైటులో గాని, ఇంట్లో నోటుపుస్తకంలో గాని, ప్రతి ఫొటో కింద తేదీ, వాగు పేరు, పిట్ట వాలిన చెట్టు పేరు రాయమంటాను. చెట్టు పేరు తెలియకపోతే ఆకు కోసుకొచ్చి పశువుల కాపర్లను అడగమంటాను. వాళ్లకు తెలుసు.