శ్వాసా, నాడా? హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు

కొత్తగూడ, గచ్చిబౌలి పరిసరాలలో అధునాతన ఆసుపత్రులు వెలియడానికి శతాబ్దం ముందే హైదరాబాదు వైద్యపరిశోధన ప్రపంచదృష్టిని ఆకర్షించింది. క్లోరోఫాం మత్తులో రోగులు శస్త్రచికిత్స బల్లపైనే మరణించడం నాటి వైద్యులను కలవరపరిచింది. ముందు ఆగేది శ్వాసా, గుండెా అన్నది వివాదం. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, తన గురువు జేమ్స్ సైమ్ బోధననుసరించి, శ్వాసనే గమనించాలని వాదించాడు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి ఏర్పడ్డాయి. రెండవదానికి లాన్సెట్ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ లండన్ నుండి వచ్చాడు. సందేహంతో వచ్చినవాడే లారీ పక్షం చేరడం విశేషం. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి, శ్వాసే ముందు ఆగుతుందని తేల్చారు.

శ్వాసను ఏమరక కనిపెట్టాలన్న నియమం రోగికి మేలు చేసేదే. నాడి చూడనక్కరలేదన్న లారీ నిశ్చయమే ప్రమాదకరం. తేలికపాటి మత్తులో సైతం గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. అధిక మోతాదుతో మరణించిన జంతువులు, మత్తు ఆరంభంలోనే ప్రాణం విడిచిన రోగుల స్థితికి నిదర్శనం కాజాలవు. ఈ అంతరం బయటపడేందుకు రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.