గుమాస్తా మారినా దస్త్రం మాట్లాడాలి

తాలూకా కచేరీకి వెళ్ళిన సరిహద్దు గ్రామస్థునికి తరచుగా వినిపించే మాట ఒకటి కలదు: “ఆ సంగతి తెలిసినవారు బదిలీ అయిపోయారు.” ఉద్యోగికి బదిలీ సహజమే. కాని ఆయనకు తెలిసిన విషయం కూడ ఆయనతోనే వెళ్ళిపోయినచో నష్టపోవునది రైతు కుటుంబమే. అందువలన కచేరీలో ఒకరి ఎరుక మరొకరికి ఏ విధంగా చేరుచున్నదో మనం తెలుసుకొనుట అవసరం.

పూర్వం గట్టు తగాదాలు, భాగపంపకాల వివరాలు కరణం ఇంట తండ్రి నుండి కొడుకునకు సంక్రమించెడివి. కన్నడ సీమలో ఆయనను శానుభోగుడనిరి. వంశపారంపర్య గ్రామోద్యోగాలను కర్ణాటక 1961 నాటి చట్టంతోను, తమిళనాడు 1980లోను, ఆంధ్రప్రదేశ్ 1984లోను రద్దు చేసినవి. ఉద్యోగం ఒక వంశపు సొత్తు కాకుండుట న్యాయమే. అయితే అంతవరకు నోటిమాటగా నిలిచిన ఎరుకకు అప్పటినుండి కాగితమే దిక్కయినది.

ఆ కాగితానికి ఒక క్రమం కలదు. దస్త్రంలో రెండు భాగాలుండును. వచ్చిన అర్జీలు, పంపిన ఉత్తరాలు ఒక భాగం. గుమాస్తా వ్రాసిన వివరణ, పై అధికారుల అభిప్రాయాలు, తుది ఉత్తర్వు గల నోటు పుటలు రెండవ భాగం. ఏమి నిర్ణయించిరో ఉత్తర్వు చెప్పును. ఎందుకు నిర్ణయించిరో నోటు చెప్పును. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో స్థిరపడిన టోటెన్‌హామ్ పద్ధతి ప్రకారం ప్రతి గుమాస్తా తనకు వచ్చిన కాగితాలను వ్యక్తిగత రిజిస్టరులో నమోదు చేయవలెను. ముఖ్యమైన ప్రభుత్వోత్తర్వుల ప్రతులను స్టాకు ఫైలులో భద్రపరచవలెను. బదిలీనాడు చార్జి అప్పగింతలో ఇవన్నియు కొత్తవారి చేతికి రావలెను. ఈ పని శ్రద్ధగా జరిగిన కచేరీలో అర్జీదారు తన కథను మొదటినుండి చెప్పుకొన నక్కరలేదు.

2000 సంవత్సర ప్రాంతంలో కర్ణాటక ‘భూమి’ పథకం సుమారు 2 కోట్ల పహాణీలను కంప్యూటరులోనికి ఎక్కించినది. గ్రామలెక్కాధికారి సంచిలోని ఎరుక అందరికీ అందివచ్చినది. కాని కంప్యూటరుకు ఎక్కించినదే తెలియును. పాత మార్పిడి ఎందుకు జరిగినదో తెలియవలెనన్న మరల పాత దస్త్రమే శరణ్యం.

ఇక మనం చేయవలసినదేమి? అర్జీ ఇచ్చినప్పుడు రసీదు, నమోదు సంఖ్య, తేదీ తప్పక తీసుకొనవలెను. ఆ సంఖ్యయే గుమాస్తా మారినను దస్త్రాన్ని వెదకి తెచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం దస్త్రాన్ని చూడవచ్చును, నోటు పుటల నకళ్ళను కోరవచ్చును; సాధారణంగా 30 దినములలో సమాధానం ఇయ్యవలెను. అర్జీ ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండవలెను. కావున కర్ణాటకలోని మనవారు కన్నడంలోను, తమిళనాడులోనివారు తమిళంలోను వ్రాయవచ్చును. వ్రాయలేనివారు నోట చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుటకు సమాచార అధికారి తోడ్పడవలెనని కూడ చట్టం నిర్దేశించుచున్నది.

ఇంటి దూలానికి వ్రేలాడు సంచిలోని పాత రసీదులను పారవేయకుడు. కచేరీ మరచిన సంగతిని ఒక్కొక్కసారి అవే జ్ఞాపకం చేయును.