ఫేజు క్రమ రిలే

ఫేజు క్రమ రిలే అనగా మూడు ఫేజుల మోటారు వెనుకకు తిరగకుండా కాపాడు పరికరము. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో బోరు మోటార్లకు, కంప్రెసర్లకు ఇది పనికివచ్చును. లైను మరమ్మతులో రెండు ఫేజు తీగలు తారుమారైతే మోటారు తిరుగుదిశ మారును. స్క్రూ కంప్రెసరు వెనుకకు తిరిగితే నూనె అందక క్షణాలలోనే పాడవగలదు. పిస్టను కంప్రెసరు ఎటు తిరిగినా గాలిని నొక్కును కనుక దోషము వెంటనే బయటపడదు. చక్రపు రెక్కల గాలి సిలిండరుకు సరిగా తగలక అది వేడెక్కును.

క్రమము తప్పినపుడు రిలే స్టార్టరులోని కాంటాక్టరు చుట్టకు విద్యుత్తును ఆపును. అయితే స్టార్టరు దాటిన తరువాత, మోటారు వద్ద తీగలు మారితే రిలే గుర్తించలేదు. అందుచేత తీగలు విప్పి బిగించిన ప్రతిసారీ మోటారును క్షణకాలము తిప్పి బాణపు గుర్తుతో సరిచూడవలెను. బోరులో మునిగియున్న మోటారు కనబడదు కాబట్టి, నీరు ఎక్కువగా వచ్చు దిశయే సరియైనదిగా భావిస్తారు.