చక్రవర్తి చీటీలు

1888 మార్చి 9న తండ్రి కన్నుమూయడంతో మూడో ఫ్రెడరిక్ జర్మనీ చక్రవర్తి అయ్యాడు. అప్పటికి సుమారు నెల కిందటే ఆయన మెడకు కోత పెట్టి, శ్వాసనాళంలోకి గొట్టం దించారు. నోట మాట లేదు. ఆజ్ఞయినా, కుశలప్రశ్నయినా చీటీ మీద రాసివ్వడమే. అలా ఏలింది 99 రోజులు. జూన్ 15న పోయాడు. శవపరీక్షలో తేలింది గొంతు క్యాన్సరే.

మొదలు బొంగురు గొంతు. 1887 మార్చిలో ప్రొఫెసర్ గెర్హార్ట్ అద్దం పెట్టి చూస్తే ఎడమ స్వరతంత్రి మీద చిన్న బుడిపె. కాల్చిన ప్లాటినం తీగతో మాడ్చాడు. మాడ్చినా మళ్లీ మొలిచింది. బయటినుంచి గొంతు కోసి దాన్ని తీసేద్దామని సర్జన్ బెర్గ్‌మన్ మే నెలలో సిద్ధమయ్యాడు. ఇంతలో లండన్ నుంచి గొంతు వైద్యుడు మోరెల్ మెకంజీ దిగాడు. ముక్క తీసి పరీక్షించనిదే కత్తి పట్టొద్దన్నాడు. ముక్క చూసింది ఆ కాలపు రోగలక్షణ శాస్త్రంలో మేటి అయిన రుడాల్ఫ్ విర్కోవ్. ఆయనకు క్యాన్సర్ ఆనవాలు కనబడలేదు. ఆపరేషన్ ఆగింది.

జర్మన్లు మెకంజీని తిట్టిపోశారు. కానీ ఆయన అడిగినది ఇవాళ ఏ డాక్టరైనా ముందుగా అడిగేదే. ముక్కలో దొరకలేదు కాబట్టి రోగమే లేదనుకోవడం దగ్గరే దెబ్బతిన్నారు.

నవంబరులో ఇటలీలోని సాన్ రెమోలో జబ్బు బయటపడేసరికి మిగిలిన దారి ఒక్కటే, స్వరపేటిక మొత్తం తీసేయడం. యువరాజు ఒప్పుకోలేదు. తప్పు పట్టలేం. 1873 చివరి రోజున వియన్నాలో బిల్‌రోత్ ఆ ఆపరేషన్ చేశాడు. శిష్యుడు గుసెన్‌బావర్ కృత్రిమ స్వరపేటిక తయారుచేసిస్తే రోగి మాట్లాడాడు కూడా. కానీ జబ్బు తిరగబెట్టి ఏడు నెలలకే పోయాడు. ఆ తర్వాత కోయించుకున్నవాళ్లలో చాలామంది కొన్ని వారాలైనా నిలవలేదు. ఊపిరితిత్తుల్లోకి చీము దిగి న్యుమోనియాతో పోయేవారు.

తర్వాతి కాలంలో వేరే దారులు తెరుచుకున్నాయి. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్‌ని రోజుకింత చొప్పున వారాల తరబడి పంచి ఇవ్వడం 1920లలో పారిస్‌లో కుటార్ చూపించాడు. స్వరపేటిక పోయినవాళ్లకు శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న కవాటం అమర్చి మాట తెప్పించే పద్ధతి 1980లో బ్లోమ్, సింగర్ ప్రకటించారు. అసలు మలుపు 1991లో వెలువడిన ఒక అధ్యయనం. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జబ్బు ముదిరిన 332 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఆపరేషన్, తర్వాత రేడియేషన్. రెండోదానికి ముందు కీమో, అది పనిచేస్తే రేడియేషన్. రెండేళ్లకు రెండు వర్గాల్లోనూ బతికున్నది 68 శాతమే. తేడా ఏమిటంటే, కీమో వర్గంలో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది.

స్వరపేటిక మృదులాస్థి దాటి జబ్బు పాకితే ఇప్పటికీ ఎక్కువగా కత్తే గతి. స్వరతంత్రి మీదే ఉండగా పట్టుకుంటే కీమో కూడా అక్కర్లేదు. రేడియేషన్ ఒక్కటే, లేదా బయట కోత లేకుండా నోట్లోంచే లేజర్. 1887 మార్చిలో గెర్హార్ట్ అద్దంలో కనిపించింది అలాంటి బుడిపే.