లంక పొగాకు ఘాటు: గౌతమి ఒడ్డు నుంచి అడ్రినల్ కణం దాకా

ఆలమూరు గౌతమి గోదావరి ఎడమ గట్టున, ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఉంది. ఈ పాయలో వరద తెచ్చిన ఒండ్రు మేట వేసి లంకలు ఏర్పడతాయి. మండలంలోని బడుగువానిలంక వంటి ఊళ్లు అలాంటి నేల మీదివే. వరద తీశాక గోదావరి లంకల్లో వేసే పైర్లలో పేరుపడ్డది లంక పొగాకు. ఆకు మందం, రంగు ముదురు, ఘాటు ఎక్కువ. వర్జీనియా ఆకులా దీన్ని బ్యారన్‌లో వేడిగాలికి పెట్టరు. గాలికీ ఎండకూ ఆరనిచ్చి, కుప్ప వేసి మాగబెడతారు. ఈనె తీసి, కాస్త తడిపి, చేత్తో బిగించి చుడితే చుట్ట తయారు.

పోర్చుగీసు నౌకల మీద మన దేశానికి వచ్చిన మొక్క ఇది. 19వ శతాబ్దానికి లంక చుట్ట మద్రాసు రాజధానిలోని తెల్లదొరలకు ప్రియమైన సరుకైంది. 1886లో అచ్చైన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో దానికి చోటు దక్కింది. 1890 నాటి కానన్ డాయల్ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి గుర్తుపట్టగల పొగాకుల్లో అదీ ఒకటి. గోదావరి ఒండ్రుకు లండన్ అపరాధ పరిశోధనలో ఇంత పరపతి ఉండేదన్నమాట.

ఆ ఘాటుకు మూలమైన నికోటిన్‌ను 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమాన్ వేరుచేశారు. సిగరెట్టు పొగకు ఆమ్లగుణం ఉంటుంది, దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చాల్సిందే. చుట్ట పొగది క్షారగుణం. అందుకే పొగ మింగకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది.

రక్తంతో పాటు అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చేరుతుంది. గ్రంథి నడిభాగంలోని క్రోమాఫిన్ కణాలకు మామూలుగా ఆజ్ఞ ఇచ్చేది నరం కొసన విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్. ఈ సంగతిని 1934లో ఫెల్డ్‌బర్గ్, ఆయన సహచరులు నిరూపించారు. నికోటిన్ కూడా ఎసిటైల్‌కోలిన్ పట్టుకునే గ్రాహకానికే తగులుకుంటుంది. సోడియం లోపలికి వస్తుంది, పొర విద్యుత్ స్థితి మారుతుంది, కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం రాగానే సంచుల్లో నిల్వ ఉన్న అడ్రినలిన్ రక్తంలోకి పడుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాల్షియం లేనిదే ఈ స్రావం సాగదని 1960ల మొదట్లో డగ్లస్, రూబిన్ తేల్చారు.

సరుకు బయటికి పోయాక మళ్లీ నిల్వ చేయాలి. అదే కాల్షియం ప్రొటీన్ కైనేజ్-సి, కాల్మోడ్యులిన్ మీద ఆధారపడే కైనేజ్ వంటి ఎంజైములను మేల్కొల్పుతుంది. వాటి పని ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి వేరే ప్రొటీన్లకు తగిలించడం. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌కు అలా ఫాస్ఫేటు తగిలితే అడ్రినలిన్ తయారీలో మొదటి మెట్టు జోరందుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో లోమాన్‌తో సమకాలికంగా, విడిగా కనుగొన్నవారు ఫిస్కేతో కలిసి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పుట్టింది గోదావరి అవతలి ఒడ్డున, భీమవరంలో.

నికోటిన్ తగులుతూనే ఉంటే గ్రాహకాలు మొద్దుబారతాయి. మరోవైపు, పదే పదే నికోటిన్ ఇచ్చిన ఎలుకల అడ్రినల్‌లో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ పరిమాణమే పెరిగింది.

మళ్లీ గోదావరి ఒడ్డుకు వస్తే, 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం సిగరెట్లు, బీడీల సరసనే చుట్టలనూ జాబితాలో చేర్చింది. పొగ మింగం కాబట్టి చుట్ట నిరపాయమన్న మాటకు ఆధారం లేదు.