ఒకే తాడు.. పైన ఒక పాచి, కింద మరో పాచి! క్రొయేషియా నదిలో ఎందుకిలా?

నీళ్లలో నానిన తాడు పట్టుకుంటే చేయి జారుతుంది. దానిపై గోధుమ రంగు పాచి కనిపిస్తే అందులో ఎక్కువగా ఉండేవి డయాటమ్‌లే. గాజుకు మూలమైన సిలికాతోనే ఒంటిచుట్టూ పెంకు కట్టుకునే ఏకకణ జీవులివి. ముందు బ్యాక్టీరియా పలచని పూత వేస్తే, దానిపై ఇవి జిగురుతో అతుక్కుంటాయి.

క్రొయేషియాలో క్రకా నది స్క్రాడిన్‌స్కీ బుక్ జలపాతం దిగి, షిబెనిక్ మీదుగా ఆడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఆటుపోట్లు చాలా తక్కువ. దాంతో తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు కింద పొరలుగా ఉండిపోతాయి. మధ్య సరిహద్దే హాలోక్లైన్. మీటరు తేడాలోనే నీటి రుచి మారిపోతుంది!

అందుకే ఇలాంటి చోట ఒక్క లోతులో గాజు పలక వేలాడదీసి లెక్క తేల్చేస్తామంటే కుదరదు. పైన మంచినీటి రకాలు, కింద సముద్రపు రకాలు పెరుగుతాయి. నది సిలికాను బాగానే తెస్తుంది కానీ, ఫాస్ఫరస్ కొరతే. అది ఎక్కువగా పట్టణం, సముద్రం వైపు నుంచే అందాలి.

నీళ్లలో తేలుతూ వచ్చే నదీ డయాటమ్‌లు చాలావరకు హాలోక్లైన్ దగ్గరే చచ్చిపోతాయి. అవి కుళ్లితే కింద ఆక్సిజన్ తగ్గుతుంది. ఇదేం చిన్న విషయం కాదు. ఇక్కడ మస్సెల్స్ అనే ఆలిచిప్పలను పెంచుతారు. వాటికి డయాటమ్‌లు మేత, ఆక్సిజన్ ప్రాణం.

వానలకు నది పొంగితే మంచినీటి పొర మందమై, సరిహద్దు కిందికి జరుగుతుంది. నిన్నటిదాకా ఉప్పునీటిలో ఉన్న పాచి మంచినీటి పాలవుతుంది. తప్పించుకుందామంటే.. అతుక్కుపోయింది కదా!