గుర్రాన్ని సాకిన చేతులు

చీమకుర్తి పేరు చెబితే ఇవాళ ఎవరికైనా గెలాక్సీ గ్రానైటే గుర్తుకొస్తుంది. క్వారీలు, పాలిషింగ్ ఫ్యాక్టరీలు, రేవుల వైపు లారీల మీద కదిలిపోయే నల్లటి దిమ్మెలు. పశువుల మాట వస్తే ఒంగోలు గిత్త. బండలాగుడు పోటీలకు ఎడ్లను తయారుచేసే రైతులు ఈ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇది ఎద్దుల సీమ, ఇక్కడ గుర్రానికి చోటెక్కడిదని అనిపించడం సహజం. కానీ తెలుగునేల మీదికి గుర్రం వచ్చిన దారుల్లో ఒకటి మన సముద్రతీరమే. గుర్రంతో పాటు ఒక పనివాడూ తయారయ్యాడు. దానికి మేత పెట్టేవాడు, మాలీసు చేసేవాడు, అర్ధరాత్రి లేచి ఎలా ఉందో చూసేవాడు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో అతన్ని సైసు అంటారు. పందెం గెలిచిన గుర్రానికి ఏడుతరాల వంశావళి రాసిపెట్టి ఉంటుంది. సైసు పుట్టుపూర్వోత్తరాలు మాత్రం శాసనాల్లోనూ, విదేశీ యాత్రికుల రాతల్లోనూ ఒక్కో ముక్క ఏరుకోవాల్సిందే.

మొదట మోటుపల్లి. ఒంగోలు నుంచి తీరం వెంబడి ఉత్తరంగా వెళితే చినగంజాం మండలంలో తగులుతుంది. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇప్పుడు చిన్న పల్లె, ఒకప్పుడు కాకతీయుల పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద ఉంది. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకునంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోనని ఆయన అందులో మాట ఇచ్చాడు. ఆ లాక్కునే సరుకులో బంగారం, ఏనుగులు, రత్నాలతో పాటు గుర్రాలూ ఉన్నాయి. ఓడ పగిలినప్పుడు గుర్రం ఎవరిదవుతుందో రాజు ఆలోచించాడు. అదే ఓడలో గుర్రం పక్కన నిలబడి వచ్చిన మనిషి గతేమిటో శాసనం చెప్పదు.

రెడ్డిరాజుల కాలానికి ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లిలోనే వర్తకులకు మళ్లీ అభయశాసనం వేయించాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్య సెట్టి సముద్రవర్తకుడు. ఆయన ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించేవాడో కవి ఏకరువు పెడుతూ సింహళం ఏనుగుల సరసన హురుమంజి గుర్రాలను కూర్చోబెట్టాడు. హురుమంజి అంటే పర్షియా సింధుశాఖ ముఖాన ఉన్న హొర్ముజ్. వారాల తరబడి సముద్రం మీద ఊగుతూ ఓడలో నిలబడి వచ్చిన జంతువు అది. గుర్రం వాంతి చేసుకోలేదు. దాని శరీర నిర్మాణమే అంత. తిన్నది పడకపోతే కడుపులోనే ఉండి నొప్పిగా మారుతుంది, చూస్తుండగానే ప్రాణం తీస్తుంది. అలాంటి జంతువుని ఎండు ఎడారిగాలి నుంచి తెచ్చి మన ఉప్పుగాలిలో, ఉక్కపోతలో దించారు. దాన్ని కొనగల రాజులు ఉన్నారు. బతికించగల మనుషులు ఎందరున్నారన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు మార్కోపోలో రాతల్లో దొరుకుతుంది. 13వ శతాబ్దం చివర్లో ఆయన మన మోటుపల్లిని ముత్ఫిలి పేరుతో ప్రస్తావించాడు. గుర్రాల సంగతి చెప్పింది మాత్రం దక్షిణాన పాండ్యుల సీమ గురించి. అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడట, ఏడాది తిరిగేసరికి వాటిలో వందైనా మిగలవట. కారణం ఆయనే చెప్పాడు. గుర్రాన్ని చూసుకోవడం తెలిసినవాడు అక్కడ లేడు, అన్నం, ఉడికించిన మాంసం పెడతారు, నాడాలు కొట్టేవాడు లేడు. పైగా గుర్రాలమ్మే వర్తకులు తమ దేశపు అశ్వవైద్యుల్ని అక్కడికి రానివ్వరట. గుర్రాలు చస్తేనే కదా మళ్లీ కొత్తవి అమ్ముడుపోయేది! యాత్రికుడు కాస్త పెంచి చెప్పాడనుకున్నా, అసలు విషయం అర్థమవుతూనే ఉంది. పని తెలిసిన ఒక్క చెయ్యి కరువై ఒక రాజ్యపు ఖజానా సముద్రంలో కలిసిపోతోంది.

తర్వాతి కాలపు విజయనగర రాజులు ఈ పాఠం నేర్చుకున్నారు, కాకపోతే ఎంతో ఖర్చుపెట్టి. సాళువ నరసింహరాయలు గుర్రాలకోసం ఎంతకు తెగించాడో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. బతికినా చచ్చినా మూడు గుర్రాలకు వెయ్యి వరహాల లెక్కన తీసుకునేవాడు. దారిలో సముద్రం మీద చనిపోతే దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చే డబ్బే చేతిలో పెట్టేవాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ ఏనుగులూ మేలైన గుర్రాలూ తెచ్చే విదేశీ వర్తకుల్ని ఊళ్లిచ్చి, ఇళ్లిచ్చి, దర్శనమిచ్చి దగ్గరకు తీసుకోమన్నాడు. ఆ గుర్రాలు శత్రువు చేతికి పోకూడదన్నది ఆయన లెక్క. 1515లో ఆయన కొండవీడు పట్టుకున్న దండయాత్రలో ఆ గుర్రాలు అద్దంకి, వినుకొండ దారుల్లో, ఇవాళ మనం పత్తీ మిరపా వేస్తున్న ఈ చేలగుండానే వచ్చాయి.

ఆ గుర్రాల వెనక ఎంతమంది ఉండేవారో కూడా నూనిజ్ లెక్క చెప్పాడు. కృష్ణదేవరాయల తర్వాత రాజైన అచ్యుతరాయల కొలువులో గుర్రాల్ని చూసుకోవడానికే 1600 మంది, వాటికి నడకలు నేర్పడానికి 300 మంది. నాకు తెలిసినంతలో తెలుగురాజ్యాల చరిత్రలో సైసులను ఇంత స్పష్టంగా లెక్కపెట్టిన చోటు ఇంకొకటి లేదు. ఒక్కరి పేరూ లేదు, అంకె మాత్రమే ఉంది. ఆ రోజుల్లో అశ్వశాస్త్రం లేకపోలేదు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యాలే కట్టాడు. సుడులు, రంగులు, నడకలు, శుభాశుభాలు అన్నీ పుస్తకానికి ఎక్కాయి. గుర్రం మేత మానేసిన రాత్రి ఏం చెయ్యాలన్న విద్య మాత్రం తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి దిగింది.

కంపెనీవాళ్ల కాలం వచ్చేసరికి ఈ పనికి పక్కా ఏర్పాటు కుదిరింది. మద్రాసు రాజధానిలో తెల్లదొర గుర్రం కొంటే దాంతోపాటు ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవాలి. ఒకడు గుర్రపువాడు, ఇంకొకరు గడ్డి కోసేవాళ్లు. గడ్డి కోసేది చాలా ఇళ్లలో గుర్రపువాడి భార్యే. ఆమె పొద్దున్నే బయల్దేరి గట్లమీద, చెరువుల పక్కన గడ్డి వేళ్లతో సహా చెక్కి, మట్టి దులిపి మోపు కట్టి తెచ్చేది. దొర గుర్రమెక్కి వెళ్తుంటే గుర్రపువాడు పక్కన పరుగెత్తేవాడు. దొర ఎక్కడ దిగితే అక్కడ కళ్లెం పట్టుకుని నిలబడాలి. దక్షిణాన ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా ఊరు వెలివేసిన కులాలవాళ్లు. మేత ఉడికించిన ఉలవలు. మన ప్రకాశం మెట్టచేలలో పండే ఉలవే దక్షిణభారతపు అశ్వదళాన్ని పోషించింది. ఉలవలు పశువులకు పెట్టి, ఉడికిన నీళ్లు చారు కాచుకుని తాగడం మనకు తరతరాలుగా తెలిసిన సంగతే. ఇవాళ పెళ్లిళ్లలో మీగడ వేసి వడ్డించే ఉలవచారు పుట్టింది పశువుల కొట్టం పక్కన పొయ్యి మీదే.

గుర్రం యుద్ధం నుంచి పందెంలోకి వచ్చింది కూడా ఈ కాలంలోనే. మద్రాసు గిండీలో 1777లోనే రేసుకోర్సు వెలిసింది. హైదరాబాదులో 1868లో మౌలాలీలో పందేలు మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు మార్చాడు. ఆయన తర్వాత పందేలు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌కు వెళ్లాయి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది, 1968లో మళ్లీ మలక్‌పేట చేరింది. ఇక్కడ పరుగెత్తేది థరోబ్రెడ్ జాతి. ఇంగ్లండులో పుట్టిన ఈ జాతికి మగవైపు మూలపురుషులు మూడు గుర్రాలు, మూడూ 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో తూర్పుదేశాల నుంచి అక్కడికి వెళ్లినవే. వాటిలో డార్లీ అరేబియన్ వంశమే ఇవాళ లోకమంతా నిండి ఉంది. అంటే మోటుపల్లి రేవులో దిగిన గుర్రం, మలక్‌పేట పచ్చికమీద పరుగుతీసే గుర్రం దూరపు చుట్టాలే.

ఇక సైసు రోజు. తెల్లవారుజామున నాలుగింటికల్లా లాయం తలుపు తీస్తాడు. మొదట చూసేది మేతతొట్టి. రాత్రి పెట్టిన దాణా మిగిలితే ఏదో తేడా ఉందన్నమాట. తర్వాత పేడ, దాని రంగు, ముద్ద కట్టిందా లేదా అన్నది. ఆ తర్వాత వంగి, మోకాలు కిందినుంచి గిట్ట దాకా ముందుకాళ్ల వెనకనరం వెంట అరచేత్తో నిమురుతాడు. రెండుకాళ్లూ ఒకే చల్లదనంతో ఉండాలి. ఒక కాలు కాస్త వెచ్చగా తగిలిందా, ఆరోజు ఆ గుర్రాన్ని పరుగెత్తించకూడదు. వెచ్చదనం చేతికి తగిలేనాటికి ఇంకా కుంటు ఉండదు, వాపు ఉండదు, డాక్టరు కంటికి ఏమీ కనిపించదు. ఐదువందల కిలోల బరువు, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ఆ సన్నటి నరం మీద పడేది ఇంకో గంటలో. లక్షలు పోసి కొన్న గుర్రం మిగలడమా పోవడమా అన్నది ఆ అరచేతిలో ఉంది. వెంటనే సైసుల మీద పెద్ద అయిన జమేదార్‌కి చెబుతాడు, జమేదార్ ట్రైనర్‌కి చెబుతాడు.

ఆ తర్వాత పనులు వరస పెట్టి వస్తాయి. గిట్టల్లో మట్టి గీరడం, బ్రష్‌తో ఒళ్లు తోమడం, కాళ్లకు పట్టీలు కట్టడం, జీను వేసి రైడింగ్ బాయ్‌కి అప్పగించడం. ట్రాక్ నుంచి తిరిగొచ్చాక చెమట ఆరేదాకా పట్టుకుని నడిపించాలి. వేడి ఒంటితో కట్టేస్తే కండరాలు పట్టేస్తాయి. కడగాలి, తుడవాలి, దాణా పెట్టాలి. గుర్రం పొట్ట దాని ఒంటికి చిన్నది, అందుకే కొంచెం కొంచెంగా రోజుకు ఎన్నోసార్లు పెట్టాలి. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ ఇదంతా. ఒక్కో సైసు కింద ఒకటో రెండో గుర్రాలు, మనుషులు తక్కువైతే ఇంకా ఎక్కువ. రాత్రి గుర్రం కాలితో నేల గీకుతూ, పక్కకి తిరిగి పొట్ట వైపు చూసుకుంటూ ఉంటే అది కడుపునొప్పి. అందుకే చాలామంది సైసులు లాయం పక్కనే పడుకుంటారు. పండగలేదు, పబ్బంలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పందేలు ఆగిపోయాయి గానీ, మేత వేయడం ఆగదు కదా.

పందెం రోజున ఉతికిన బట్టలు కట్టుకుని ప్యాడాక్‌లో గుర్రాన్ని తిప్పుతాడు. జనం గుర్రాన్ని చూస్తారు, నంబరు చూస్తారు. గెలిస్తే దానితో పాటు మూత్రపరీక్ష గదికీ అతనే వెళ్లాలి. మందులేమైనా ఇచ్చారా లేదా అన్నది అక్కడ తేలుస్తారు. గుర్రం ఎప్పుడు పోస్తే అప్పుడే. బయట మేళాలు, ఫొటోలు, కప్పు అందుకోవడాలు అవుతుంటే లోపల గడ్డిమీద నిలబడి సైసు సన్నగా ఈల వేస్తుంటాడు. ఆ ఈల వింటే పోయడం గుర్రానికి చిన్నప్పుడే అలవాటు చేసి ఉంటారు. వేరే దేశాల లాయాల్లోనూ ఈ ఈల ఉంటుంది.

కష్టానికి తగ్గ కూలి మాత్రం ఎప్పుడూ లేదు. సైసు సాధారణంగా క్లబ్బు ఉద్యోగి కాదు, ట్రైనర్ పెట్టుకున్న మనిషి. గుర్రం యజమాని ఒకరు, ట్రైనర్ ఒకరు, మైదానం క్లబ్బుది. బాధ్యత అడిగితే ముగ్గురూ పక్కవాడిని చూపిస్తారు. గెలిస్తే యజమాని ఇచ్చే బక్షీస్ ఉంటుంది, అది హక్కు కాదు. తన్నులు, కాట్లు, గిట్ట కింద నలిగిన వేళ్లు ఈ పనిలో మామూలు. గుర్రపు లాయంలో ధనుర్వాతం భయం ఎప్పుడూ ఉంటుంది. రేసు క్లబ్బులకు ఈఎస్ఐ చట్టం వర్తించదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004లో హైదరాబాద్ రేస్ క్లబ్ కేసులో, 2014లో బెంగళూరు టర్ఫ్ క్లబ్ కేసులో వర్తిస్తుందని కోర్టు తేల్చింది. క్లబ్బు జీతగాళ్లకు అది మేలే. ట్రైనర్ కింద పనిచేసే సైసు దాకా ఆ మేలు రావాలంటే ఇంకో మెట్టు ఉంది. 1996లో ఇదే కోర్టు గుర్రపుపందెం అదృష్టం కాదు, నేర్పుతో కూడిన ఆట అని తీర్పు ఇచ్చింది. గుర్రం పుట్టుకను, శిక్షణను, జాకీ సామర్థ్యాన్ని నేర్పు కింద లెక్కేశారు. ఆ శిక్షణలో సగం తెల్లవారుజామున నాలుగింటికి కాలు నిమిరిన అరచెయ్యే.

ఈ సమస్య మనదే కాదు. 1975లో ఇంగ్లండులో గుర్రపుపందేలకు పుట్టిల్లులాంటి న్యూమార్కెట్‌లోనే లాయం కుర్రాళ్లు కూలి పెంచమని సమ్మెకు దిగి, పెద్ద పందేల రోజుల్లో ట్రాక్ మీద బైఠాయించారు. ఇప్పుడు అక్కడ చాలా పందేలకు ముందు, బాగా ముస్తాబైన గుర్రాన్ని తెచ్చిన పనివాడికి బహుమతి ఇస్తున్నారు.

మన క్లబ్బులు ముందుగా చేయాల్సినవి రెండు. ట్రైనర్ల దగ్గర పనిచేసే ప్రతి సైసునీ తమ దగ్గర నమోదు చేసి, ఈఎస్ఐ, భవిష్యనిధి కట్టించే బాధ్యత తాము తీసుకోవాలి. పందెం రోజు అమ్మే రేసు పుస్తకంలో గుర్రం, యజమాని, ట్రైనర్, జాకీ పేర్ల సరసన సైసు పేరు కూడా అచ్చువేయాలి. దీనికి పట్టేది ఒక్క వరస జాగా.